ఎడతెగని ఒత్తిడి మెదడును ఏం చేస్తుంది, దాన్ని ఏ వరసలో దించుకోవాలి

నెలల తరబడి టెన్షన్‌లో ఉన్నవాళ్లకు చుట్టూ ఉన్నవాళ్లు చెప్పే మాట దాదాపు ఒకటే: "మనసు గట్టి చేసుకో, ఒక ప్లాన్ వేసుకుని దాని ప్రకారం నడుచుకో." చిక్కంతా ఇక్కడే ఉంది. ప్లాన్ వేసేది, కోపాన్ని ఆపేది, దారి తప్పిన ధ్యాసను వెనక్కి లాక్కొచ్చేది నుదుటి వెనకున్న ప్రీఫ్రంటల్ కార్టెక్స్. ఒత్తిడి ముందుగా నీరసింపజేసే భాగాల్లో అదొకటి. నీరసించిన భాగానికే మళ్లీ బరువైన పని అప్పగిస్తే అది మోయలేదు. అందుకే ఈ గైడ్‌లో వరస ముఖ్యం: ముందు నిద్ర, శ్వాస, ఒంటి కదలిక; తర్వాత నెత్తి మీది భారం; ఆలోచనల సంగతి, అలవాట్ల సంగతి ఆ తర్వాతే. ఆలోచనలను మార్చుకోవడంతో మొదలుపెట్టినవాళ్లు రెండు వారాలకే చతికిలబడి, తమకు పట్టుదల లేదని తమనే తిట్టుకుంటారు. ఆ తిట్టుకోవడం అన్యాయం.

లోపల జరిగేది

ప్రమాదం అనిపించగానే శరీరంలో రెండు దారులు తెరుచుకుంటాయి. మొదటిది నరాల దారి. సెకన్లలో అడ్రినలిన్ వచ్చేస్తుంది, గుండె వేగం పెరుగుతుంది, అరచేతులు చెమర్చుతాయి. రెండోది హార్మోన్ల దారి, కాస్త నెమ్మది. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ నుంచి దాని కిందే ఉన్న పిట్యూటరీ గ్రంథికి, అక్కడి నుంచి కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులకు కబురు వెళ్తుంది. అప్పుడు కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ రక్తంలోకి వస్తుంది. ఒత్తిడి మొదలైన 20 నుంచి 30 నిమిషాలకు గానీ అది గరిష్ఠానికి చేరదు. గొడవ సద్దుమణిగి అరగంటైనా ఒళ్లు చల్లబడకపోవడం వెనక ఈ ఆలస్యం ఉంది.

కార్టిసాల్‌ను శత్రువుగా చూడకండి. ఉదయం నిద్ర లేచాక 30 నుంచి 45 నిమిషాల్లో అది సహజంగానే పెరుగుతుంది, మనల్ని రోజుకు సిద్ధం చేస్తుంది. అర్ధరాత్రి ప్రాంతంలో అట్టడుగుకు దిగుతుంది. పని అయిపోయాక "ఇక చాలు" అని చెప్పి దాన్ని ఆపించే ఏర్పాటు కూడా మెదడులో ఉంది. కొత్త జ్ఞాపకాలను పోగుచేసే హిప్పోక్యాంపస్ ఆ ఏర్పాటులో భాగం. ఎలుకల్లో ఈ రకం హార్మోన్‌ను హిప్పోక్యాంపస్ ప్రత్యేకంగా పట్టి ఉంచుకుంటుందని 1968లో మెదడు శాస్త్రవేత్త బ్రూస్ మెక్యూవెన్ బృందం చూపించింది. ఒత్తిడి హార్మోన్ ఆలోచన, జ్ఞాపకం జరిగే చోటికే నేరుగా వెళ్తుందన్న సంగతి అక్కడి నుంచే బలపడింది.

ఒత్తిడి వారాలు, నెలలు సాగితే జంతువుల మెదళ్లలో మూడు చోట్ల మార్పు కనిపిస్తుంది. హిప్పోక్యాంపస్‌లో, ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో న్యూరాన్ల (నాడీకణాల) కొమ్మలు కురచబడతాయి. భయాన్ని, ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలాలో మాత్రం కొమ్మలు పెరుగుతాయి. అంటే ఆచితూచి చూసే భాగం తగ్గి, ఉలిక్కిపడే భాగం బలపడుతుంది. బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో సుమంత్ర చటర్జీ బృందం ఎలుకలను రోజుకు 2 గంటల చొప్పున 10 రోజులు కదలకుండా ఉంచి చూసింది. తర్వాత 21 రోజుల విశ్రాంతినిస్తే హిప్పోక్యాంపస్ కోలుకుంది, అమిగ్డలాలో వచ్చిన పెరుగుదల మాత్రం అలాగే ఉండిపోయింది. ఎలుకల లెక్కను మనుషులకు ఉన్నదున్నట్టు అంటించకూడదు. అయినా మతిమరుపు తగ్గినా ఉలికిపాటు ఇంకొన్నాళ్లు మిగిలిందని ఎవరైనా అంటే, అది వింతేమీ కాదని ఈ ప్రయోగం చెబుతుంది.

మనుషుల్లో ధైర్యమిచ్చే ఫలితం 2009లో వచ్చింది. పెద్ద పరీక్షకు నెల రోజులు సిద్ధమవుతూ తీవ్ర ఒత్తిడిలో ఉన్న వైద్య విద్యార్థులను పరీక్షిస్తే, ధ్యాసను ఒక విషయం నుంచి ఇంకో విషయానికి మార్చే శక్తి తగ్గింది. దానికి సంబంధించిన ప్రీఫ్రంటల్ అనుసంధానాలూ బలహీనపడ్డాయి. పరీక్ష అయిపోయి నెల రోజులు ఊపిరి పీల్చుకున్నాక రెండూ మామూలు స్థితికి వచ్చాయి. అదే ఏడాది పోర్చుగల్ పరిశోధకులు ఇంకో కోణం చూపించారు. చాలాకాలం ఒత్తిడికి గురైన ఎలుకలు ఫలితాన్ని బట్టి పనిచేయడం మానేసి, అలవాటైన పనినే చేస్తూ పోయాయి, దానివల్ల లాభం లేకపోయినా సరే. వాటి మెదడులో అలవాట్లను నడిపే సర్క్యూట్ పెరిగి, ఆలోచించి ఎంచుకునే సర్క్యూట్ కుంచించుకుపోయింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, అలవాట్ల దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

ప్రవర్తనలో ఎలా బయటపడుతుంది

ఒక మామూలు సాయంత్రాన్ని దగ్గరగా చూద్దాం. పని గురించి మెయిల్ వచ్చింది. చదువుతూ చివరికి వచ్చేసరికి మొదటి వాక్యం గుర్తులేదు, మళ్లీ పై నుంచి మొదలు. మూడోసారి చదివేటప్పుడు అందులోని "త్వరగా చూడండి" అన్న మామూలు మాట మందలింపులా వినిపించింది. జవాబు రాయకుండానే ఫోన్‌లో వీడియోలు దొర్లడం మొదలైంది, గంట గడిచిపోయింది. అంతలో పిల్లవాడు వచ్చి ఏదో అడిగాడు. గొంతు లేచింది, మరుక్షణమే బాధేసింది. పక్క మీద వాలాక ఆ మెయిల్ మళ్లీ గుర్తొచ్చింది.

ఇందులో అయిదు సంకేతాలున్నాయి. చదివింది నిలవకపోవడం పని జ్ఞాపకం, అంటే చేతిలోని విషయాన్ని కాసేపు మనసులో పట్టి ఉంచే శక్తి, తగ్గడం. మామూలు మాటలో ముప్పు వినిపించడం అమిగ్డలా అతి జాగ్రత్త. తెలియకుండానే చేతిలోకి ఫోన్ రావడం అలవాటు సర్క్యూట్ పని. గొంతు లేవడం బ్రేకు బలహీనపడటం. రాత్రి ఆలోచనలు సుడి తిరగడం రోజు ముగిసినా కొనసాగుతున్న అలర్ట్. ఇవి ఎప్పుడో ఒకసారి అందరికీ వస్తాయి. వారంలో ఎక్కువ రోజులు, నెలకు పైగా, ఇంటా బయటా రెండు చోట్లా కనిపిస్తుంటే పట్టించుకోవాలి. తీపి, నూనె పదార్థాల మీదికి మనసు పోవడం, మద్యం లేదా సిగరెట్టు పెరగడం, ఇష్టమైనవాళ్ల ఫోన్లు కూడా ఎత్తబుద్ధి కాకపోవడం, తాళం వేశామా లేదా అని పదేపదే చూసుకోవడం కూడా ఈ కోవలోవే.

కొలవాలంటే రెండు వారాలు ఒక కాగితం పెట్టుకోండి. "ఈరోజు ఒత్తిడి పదికి ఎంత" అని రాయకండి, ఆ అంకె రాసే క్షణంలోని మూడ్‌ను బట్టి మారిపోతుంది. జరిగిన పనులు రాయండి: ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, ఎన్నిసార్లు గొంతు పెంచారు, ఏం మర్చిపోయారు, ఎన్ని కాఫీలు తాగారు, ఏ పనిని లేదా ఏ మనిషిని తప్పించుకున్నారు. రోజుకు రెండు నిమిషాలు చాలు. నెలకోసారి పర్సీవ్డ్ స్ట్రెస్ స్కేల్ కూడా వాడొచ్చు. షెల్డన్ కోహెన్ బృందం 1983లో తయారుచేసిన ప్రశ్నావళి ఇది. ఇప్పుడు ఎక్కువగా వాడే రూపంలో 10 ప్రశ్నలుంటాయి, గడిచిన నెల గురించి అడుగుతుంది, మొత్తం 0 నుంచి 40 వరకు వస్తుంది. ఎక్కువమంది పొరబడేది ఒక్క చోట: 4, 5, 7, 8 ప్రశ్నలు మంచి అనుభవాల గురించినవి, వాటి మార్కులను తిరగేసి కూడాలి. ఇది రోగ నిర్ధారణ పరీక్ష కాదు. మీ పోయిన నెల అంకెతో ఈ నెల అంకెను పోల్చుకోవడానికే పనికొస్తుంది.

ఒత్తిడి అనుకుంటున్నది మరొకటి కావచ్చు, అది ముందే తేల్చుకోవాలి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తే గుండెదడ, వణుకు, ఆందోళన వస్తాయి. రక్తహీనత, బి12 లోపం ఉంటే నీరసం, మతిమరుపు. గట్టిగా గురక పెడుతూ నిద్రలో ఊపిరి ఆగే స్లీప్ అప్నియా ఉన్నవాళ్లు ఎంత పడుకున్నా అలసటగానే లేస్తారు. ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ మందులు మూడ్‌ను, నిద్రను మార్చేస్తాయి. ఇవి ఉన్నప్పుడు శ్వాస వ్యాయామాలు ఎన్ని చేసినా అసలు సమస్య అలాగే ఉంటుంది.

మొదటి పని నిద్ర

ఒక రాత్రి నిద్ర లేకుండా ఉంచిన మనుషులకు 2007లో బాధాకరమైన చిత్రాలు చూపిస్తే, నిద్రపోయినవాళ్లతో పోలిస్తే వాళ్ల అమిగ్డలా 60 శాతం ఎక్కువగా స్పందించింది. అమిగ్డలాకూ ప్రీఫ్రంటల్ భాగానికీ మధ్య అనుసంధానం కూడా తగ్గింది. ఒత్తిడి చేసే పనినే నిద్రలేమీ చేస్తుందన్నమాట. ఒక్క మార్పే చేయగలిగే ఓపిక ఉంటే అది నిద్ర మీదే పెట్టండి.

పడుకునే సమయాన్ని పట్టుకుని వేలాడకండి, లేచే సమయాన్ని బిగించండి. సెలవు రోజుతో సహా రోజూ ఒకే సమయానికి, అటూ ఇటూ అరగంటకు మించకుండా లేవాలి. లేచిన గంటలోపు 15 నుంచి 30 నిమిషాలు బయటి వెలుతురులో ఉండాలి. మబ్బు రోజైనా బయటి వెలుతురు గదిలోని లైటు కంటే చాలా ఎక్కువ. పడుకోవడానికి అనువైన సమయం కొద్ది రోజుల్లో తనంతట తానే ముందుకు జరుగుతుంది.

నిద్ర పట్టక 20 నిమిషాలు దాటినట్టు అనిపిస్తే మంచం దిగండి. గడియారం చూడొద్దు, అందాజు చాలు. మసక వెలుతురులో ఆసక్తి పుట్టించని పని ఏదైనా చేసి, కళ్లు మూతలు పడుతున్నప్పుడే తిరిగి వెళ్లండి. మంచం మీద మేలుకుని చింతించడం అలవాటైతే, మంచాన్ని చూడగానే మెదడు చింతకు సిద్ధమవుతుంది. ఆ ముడిని విప్పడానికే ఈ పద్ధతి. మొదటి వారం నిద్ర ఇంకా తగ్గినట్టుంటుంది. అది మామూలే, అక్కడ ఆపేయకండి. ఒకటే జాగ్రత్త: ఆ వారంలో నిద్రమత్తుగా ఉంటే బండి నడపొద్దు.

కాఫీ విషయంలో లెక్క స్పష్టంగా ఉంది. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు 5 గంటలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. సాయంత్రం 5 గంటలకు తాగినదాంట్లో సగం రాత్రి 10కి ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. మధ్యాహ్నం 12 తర్వాత మానేయడం మంచిది. రోజుకు అయిదారు కప్పులు తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే తలనొప్పి, చిరాకు వస్తాయి. రెండు మూడు రోజులకు ఒక కప్పు చొప్పున తగ్గించండి. మద్యం త్వరగా నిద్ర పట్టిస్తుంది, రాత్రి రెండో సగాన్ని చెడగొడుతుంది. తెల్లవారుజామున 3 గంటలకు గుండెదడతో మెలకువ వచ్చేవాళ్లు ముందుగా అనుమానించాల్సింది దాన్నే.

శ్వాస, ఒంటి కదలిక

శ్వాస వ్యాయామం చేసినవాళ్లలో చాలామంది పనిచేయలేదనడానికి కారణం, పెద్దపెద్దగా గాలి పీల్చడం. ఎక్కువ గాలి పీల్చి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, వేళ్ల చివర్లు తిమ్మిరెక్కుతాయి, ఆందోళన పెరుగుతుంది. ఇక్కడ కావలసింది నెమ్మది, లోతు కాదు.

వీపుకు ఆనుకుని కూర్చుని, ఒక చేయి ఛాతీ మీద, ఒక చేయి బొడ్డు పైన పెట్టండి. ముక్కుతో 4 లెక్కపెట్టేంతసేపు మామూలు మోతాదులోనే గాలి పీల్చండి. కదలాల్సింది కింది చేయి, పై చేయి దాదాపు నిలకడగా ఉండాలి. తర్వాత 6 లెక్కపెట్టేంతసేపు వదలండి. నిమిషానికి సుమారు 6 శ్వాసలు అవుతాయి. ఊపిరి వదిలేటప్పుడు గుండెను నెమ్మదింపజేసే వేగస్ నరం ప్రభావం పెరుగుతుంది, అందుకే వదలడం పొడుగ్గా ఉండాలి. 4, 6 కష్టమైతే 3, 4తో మొదలుపెట్టండి. ఊపిరి బిగబట్టొద్దు. ఉదయం 5 నిమిషాలు, సాయంత్రం 5 నిమిషాలు, మనసు మామూలుగా ఉన్నప్పుడే సాధన చేయాలి. ప్రశాంతంగా ఉన్నప్పుడు అలవాటు కానిది గొడవ మధ్యలో గుర్తుకు రాదు. కళ్లు మూసుకుంటే భయమేసేవాళ్లు తెరిచే చేయొచ్చు. శ్వాస మీద ధ్యాస పెడితేనే ఆందోళన పెరిగేవాళ్లు దీన్ని వదిలేసి నేరుగా నడకకు వెళ్లడం మేలు.

పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నీరసించి ఉన్న మనిషికి ఆ అంకె చూడగానే కాళ్లు చచ్చుబడతాయి. మొదటి వారం రోజుకు 10 నిమిషాల నడక, అంతే. వారానికి 5 నిమిషాలు పెంచుతూ పోతే అయిదో వారానికి 30 నిమిషాలకు చేరతారు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. వేగం సరిగ్గా ఉందనడానికి అదే గుర్తు. 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో వయసు పైబడినవాళ్లు వారానికి 3 రోజులు, 40 నిమిషాల చొప్పున ఏడాది పాటు నడిస్తే హిప్పోక్యాంపస్ పరిమాణం సుమారు 2 శాతం పెరిగింది. ఒళ్లు సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసినవాళ్లలో తగ్గింది. మూడ్‌లో, నిద్రలో తేడా కోసం ఏడాది ఆగనక్కర్లేదు, కొద్ది వారాల్లోనే తెలుస్తుంది. పడుకునే ముందు గంటలో మాత్రం రొప్పు వచ్చే వ్యాయామం వద్దు.

నెత్తి మీది భారం

నిద్ర, నడక కాస్త గాడిన పడ్డాక, అంటే సుమారు రెండు మూడు వారాలకు, ఇక్కడికి రండి. ఒత్తిడి ఎంత ఉందన్నది ఒక్కటే మెదడుకు లెక్క కాదు, దాని మీద మన చేతికి పట్టు ఉందా అన్నదీ లెక్కే. మనస్తత్వవేత్త జే వైస్ 1960ల చివర్లో, 70ల మొదట్లో చేసిన ప్రయోగాల్లో రెండు ఎలుకలకు సరిగ్గా ఒకే కరెంటు షాకు తగిలేది. ఒకదానికి చక్రం తిప్పి దాన్ని ఆపే వీలుంది, రెండోదానికి లేదు. పట్టు ఉన్న ఎలుకకు కడుపులో పుండ్లు బాగా తక్కువ. కాబట్టి పూర్తిగా తీసేయలేని భారం మీద కూడా చిన్న పట్టు సంపాదించడం మెదడుకు నిజమైన ఊరట.

మీకు బుర్ర బాగా పనిచేసే గంటలో, చాలామందికి అది ఉదయమే, ఒక కాగితం తీసుకుని మూడు గడులు గీయండి. మొదటి గడిలో భారం పేరు. రెండో గడిలో అందులో మీ చేతిలో ఉన్న ముక్క. మూడో గడిలో ఆ ముక్కకు సంబంధించి 15 నిమిషాల్లో అయిపోయే ఒక పని. నింపిన వరస ఇలా ఉంటుంది:

అమ్మ ఆపరేషన్ | ఎవరు ఏ రోజు ఆసుపత్రిలో ఉండాలో | అన్నయ్యకు ఫోన్ చేసి శని, ఆదివారాలు తనవని ఖాయం చేసుకోవడం

అప్పు | ప్రతి నెలా ఎంత, ఏ తేదీన అన్నది | అన్ని వాయిదాల తేదీలూ ఒక్క పేజీలో రాయడం

కొత్త మేనేజర్ కోపం | ఏమీ లేదు | (ఖాళీ)

మూడో వరసను అలాగే ఖాళీగా వదలండి. చేతిలో ముక్క లేని భారాన్ని పరిష్కరించబోయి రోజంతా నలిగిపోవడం కన్నా, దాన్ని అలా ఖాళీ గడిగా చూడటమే నయం. ఇక్కడ జరిగే తప్పు మూడో గడిలో పెద్ద పని రాయడం. "అప్పు తీర్చడం" పని కాదు, అది కోరిక. క్రియ, వస్తువు, సమయం మూడూ ఉంటేనే పని అవుతుంది.

అదే కాగితం వెనక, ఈ నెల రోజులు చేయకుండా ఆపేసేవి రెండు రాయండి. కొత్త మంచి అలవాట్లు కలపడం కన్నా రెండు పనులు తీసేయడం ఎక్కువ ఫలితమిస్తుంది, ఎందుకంటే అలసిన ప్రీఫ్రంటల్ కార్టెక్స్ మీద ప్రతి కొత్త అలవాటూ ఇంకో బరువే. పెద్ద నిర్ణయాలు, అంటే ఉద్యోగం వదలడం, ఇల్లు అమ్మడం, బంధం తెంచుకోవడం లాంటివి, ఈ దశలో వీలైనంతవరకు వాయిదా వేయండి. ఆగలేని నిర్ణయమైతే నమ్మకమైన మనిషి ఒకరితో కలిసి కాగితం మీద పెట్టి తీసుకోండి. కోపంలో రాసిన మెయిల్‌ను డ్రాఫ్ట్‌లో పెట్టి, ఒక రాత్రి నిద్ర అయ్యాకే పంపాలి.

చింతకు ఒక వేళ

ఆలోచనలను ఆపాలని చూస్తే అవి ఇంకా ముసురుతాయి. ఆపొద్దు, వాయిదా వేయండి. మనస్తత్వవేత్త థామస్ బోర్కోవెక్ బృందం 1983లో పరీక్షించిన పద్ధతి ఇది: రోజూ ఒకే చోట, ఒకే సమయానికి 30 నిమిషాలు చింతకే కేటాయించాలి. మిగతా వేళల్లో చింత వస్తే జేబులోని చీటీ మీద నాలుగు మాటల్లో రాసి, "దీని సంగతి ఆరింటికి" అనుకుని చేతిలోని పనికి తిరిగి రావాలి. ఆరింటికి చీటీ తెరిచి ఒక్కోదాన్నీ చూడాలి. కొన్ని అప్పటికే చల్లారి ఉంటాయి. మిగిలినవాటిలో చేతిలో ముక్క ఉన్నవాటిని మూడు గడుల కాగితంలోకి ఎక్కించండి. ఈ అరగంట పడుకునే సమయానికి కనీసం 2 గంటల ముందు అయిపోవాలి. మంచం మీద కూర్చుని చేయకూడదు. రాయకుండా మనసులోనే వాయిదా వేస్తే పనిచేయదు, మర్చిపోతామన్న భయంతో మెదడు దాన్ని మళ్లీ మళ్లీ గుర్తుచేస్తూనే ఉంటుంది.

అలవాట్ల దారి మళ్లించడం

ఒత్తిడిలో మెదడు అలవాటు వైపు మొగ్గుతుందని పైన చెప్పుకున్నాం. ఆ మొగ్గును మీకు పనికొచ్చేలా తిప్పుకోవచ్చు. మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ అధ్యయనం చేసిన "ఇలా అయితే అలా" వాక్యాలు ఇందుకు సరిపోతాయి. "ఫోన్ తక్కువ చూస్తాను" అన్నది పనిచేయదు. "రాత్రి భోజనం పళ్లెం కడగగానే ఫోన్‌ను హాల్లో చార్జింగ్‌కు పెడతాను" అన్నది పనిచేస్తుంది, ఎందుకంటే ఆ క్షణంలో నిర్ణయించుకోవాల్సింది ఏమీ మిగలదు, పళ్లెమే గుర్తుచేస్తుంది. నెలకు ఇలాంటి వాక్యం ఒక్కటే రాయండి. మానాలనుకున్నదాన్ని దూరంగా, చేయాలనుకున్నదాన్ని దగ్గరగా జరపండి: యాప్‌ను తీసేసి ప్రతిసారీ పాస్‌వర్డ్ కొట్టాల్సి వచ్చేలా చేయడం, నడక బూట్లు గుమ్మం దగ్గరే ఉంచడం. గొంతు లేచే సమయం మీ రెండు వారాల కాగితంలో దొరికిపోతుంది, సాధారణంగా పని నుంచి ఇంటికి వచ్చిన మొదటి అరగంట. ఆ సమయానికి వాక్యం: "చెప్పులు విప్పగానే ఎవరితోనూ మాట్లాడకుండా ముఖం కడుక్కుని, పది శ్వాసలు తీసుకున్నాకే హాల్లోకి వస్తాను." ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి పెట్టండి, లేకపోతే ఆ మౌనాన్ని అలకనుకుంటారు.

ఇంట్లోవాళ్లకూ ఒక మాట. "టెన్షన్ పడకు" అంటే తగ్గదు. ఒకేసారి నాలుగు విషయాలు చెప్పకుండా ఒక్కొక్కటే చెప్పండి, తేదీలు, సమయాలు రాసివ్వండి. "సాయం కావాలంటే అడుగు" అనొద్దు, ఏం అడగాలో ఆలోచించడం కూడా ఆ మనిషికి ఇంకో పనే. ఒక పనిని మొదటి నుంచి చివరి దాకా మీరే తీసుకోండి: పిల్లల బడి సంగతంతా, లేదా బిల్లులన్నీ.

ఎక్కడ తప్పుతుంది

అన్నీ ఒకే వారంలో మొదలుపెట్టడం అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతీసే తప్పు. మొదటి రెండు వారాలు లేచే సమయం, కాఫీ, పది పదిహేను నిమిషాల నడక మాత్రమే. రెండోది, స్మార్ట్‌వాచ్‌లో గుండె లెక్కలు, నిద్ర స్కోర్లు గంటకోసారి చూడటం; స్కోరు తక్కువ వచ్చిందన్న బెంగతోనే నిద్ర చెడుతుంది. మూడోది సెలవు మీద ఆశలన్నీ పెట్టుకోవడం. సెలవు మంచిదే గానీ, తిరిగొచ్చాక అదే భారం అలాగే ఉంటే దాని ఫలితం కొద్ది వారాల్లోనే కరిగిపోతుంది.

"అడ్రినల్ ఫటీగ్", అంటే అడ్రినల్ గ్రంథులు అలసిపోయాయన్న పేరుతో అమ్మే టానిక్కులకు డబ్బు తగలేయకండి. ఆ పేరుతో వైద్యశాస్త్రం గుర్తించిన జబ్బు లేదు. ఒక్కసారి చేయించిన కార్టిసాల్ రక్తపరీక్షతో దీర్ఘకాలిక ఒత్తిడి తేలదు, ఆ హార్మోన్ గంటగంటకూ మారుతుంటుంది. కార్టిసాల్ మరీ ఎక్కువయ్యే కుషింగ్, మరీ తక్కువయ్యే ఆడిసన్ లాంటి జబ్బుల అనుమానం ఉన్నప్పుడు వైద్యులు రాసే పరీక్ష అది.

కోలుకోవడం తిన్నగా పైకి పోదు. చాలామందికి నిద్ర ముందు మెరుగవుతుంది, తర్వాత చదివింది నిలవడం మొదలవుతుంది, ఉలికిపాటు, చిరాకు ఆఖరున తగ్గుతాయి. మధ్యలో ఒక చెడ్డ వారం వస్తే మొత్తం పోయిందనుకోకుండా, లేచే సమయం ఒక్కటి పట్టుకుని మిగతావన్నీ ఆ వారానికి వదిలేయండి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు

చనిపోవాలన్న ఆలోచన, తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన వస్తే ఈ గైడ్ పక్కన పెట్టి అదే రోజు వైద్య సాయం తీసుకోండి, ఒంటరిగా ఉండకండి. ఛాతీ నొప్పి, ఊపిరాడకపోవడం, మాట తడబడటం ఒత్తిడి వల్లేనని ఇంట్లో తేల్చుకోవద్దు, అత్యవసర విభాగానికి వెళ్లాలి. రెండు వారాలుగా రోజులో ఎక్కువసేపు దిగులు లేదా దేని మీదా ఆసక్తి లేకపోవడం, పనికి వెళ్లలేకపోవడం, హఠాత్తుగా ముంచుకొచ్చే భయం, రోజూ మద్యం లేనిదే గడవకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే ఆలస్యం చేయొద్దు. 6 నుంచి 8 వారాలు పై పనులు చేసినా రెండు వారాల కాగితంలో రాసినవేవీ మెరుగుపడకపోతే కూడా వెళ్లాల్సిందే.

వెళ్లేటప్పుడు రెండు వారాల కాగితం, వాడుతున్న మందులన్నిటి జాబితా తీసుకెళ్లండి. స్టెరాయిడ్లు, జలుబు మాత్రలు, ఆయుర్వేద మందులు కూడా అందులో రాయండి. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12 చూడాలా అని అడగండి. కౌన్సెలింగ్ సూచిస్తే, ఆలోచనలను, ప్రవర్తనను మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అందుబాటులో ఉందో లేదో కనుక్కోండి. ఆందోళనకు, నిద్రలేమికి బాగా పరీక్షకు నిలిచిన పద్ధతి అది, కొన్ని వారాల పాటు ఇంటి దగ్గర సాధన కూడా ఉంటుంది. డిప్రెషన్‌కు, ఆందోళనకు రాసే ఎస్ఎస్ఆర్ఐ మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదటి వారంలో తేడా లేదని మానేయకూడదు. బాగైందని ఒక్కసారిగా ఆపేసినా ఇబ్బందే. వెంటనే హాయినిచ్చే ఆల్‌ప్రజోలం లాంటి మాత్రలు అలవాటుగా మారే రకం. ఎన్ని రోజులకు రాస్తున్నారో, ఎలా తగ్గించాలో చీటీ రాసే రోజునే డాక్టరును అడిగి తెలుసుకోండి.